మాట ఆరేదాకా

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నేను పెన్నులు కొనే దుకాణం ఒకటుంది. మొన్న వాన వెలిసిన సాయంత్రం ఆ దారిన వస్తుంటే దుకాణమాయన కేకేసి పిలిచాడు.

"మేడం, అప్పట్ల మస్తు తిరిగిండ్రు గదా బ్రౌన్ ఇంకు కోసం. ఇగో, ఇప్పుడొచ్చింది. కాలేజీ పిల్లలు అడుగుతున్నరని తెప్పించిన."

అట్టపెట్టె విప్పి సీసాను పైకెత్తి పట్టుకున్నాడు. ఎండ పోయింది, వీధి దీపాలు ఇంకా వెలగలేదు. ఆ మసక వెలుతురులో సిరా మొదట నల్లగా కనిపించింది. ఆయన సీసాను కొంచెం వంచగానే అంచు దగ్గర పల్చబడి తేనెరంగుకు తిరిగింది. నేను చూస్తూ నిలబడిపోయాను. అప్పట్లో ఆ రంగు కోసం తిరిగింది నాకోసం కాదు. ఎవరికోసం తిరిగానో ఆమె పోయి ఏడాది కావస్తోంది.

"వద్దా మేడం?" అన్నాడాయన.

"తర్వాతొస్త అన్నా" అని నడిచాను. ఇల్లు చేరేదాకా తడి రోడ్డు మీద ఆమె చెయ్యి నాతోపాటే వచ్చినట్టుంది. సన్నటి వేళ్ళు, మధ్యవేలి పక్కన ఎంత కడిగినా పోని మరక.

ఆమె ముఖం కంటే చాలా ముందే నాకు ఆమె గొంతు తెలుసు. కామారెడ్డిలో చదువుకున్న మా తరం వాళ్ళందరికీ తెలుసు. బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చెప్పేది ఆమె. "ప్రయాణికులకు విజ్ఞప్తి. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్ళు బస్సు..." అంటూ 'వెళ్ళు' దగ్గర కాస్త సాగదీసేది. ఎండాకాలం మధ్యాహ్నాలు సిమెంటు బెంచీ మీద పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఆ సాగదీత వినగానే కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. మహారాష్ట్ర సరిహద్దు మద్నూర్ బస్సు వచ్చినప్పుడు మాత్రం, జనంలో ఎవరైనా ముసలమ్మ తికమకపడుతోందని ఎలా కనిపెట్టేదో, తెలుగు అయ్యాక అదే మాట మరాఠీలో మెల్లగా మళ్ళీ చెప్పేది. ఆ గొంతు స్తంభాల మీది గరాటుల్లోంచి వచ్చేది. దాని వెనక ఒక మనిషి ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ మనిషిని చూసింది బస్సులో. అప్పటికి నేను ఎల్లారెడ్డి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ కామారెడ్డి నుంచి రోజూ వచ్చిపోతున్నాను. కిటికీ పక్కన ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. మెడ చుట్టూ పల్చటి తెల్లని చున్నీ. "ఎక్కడిదాక అక్కా?" అని మాట కలిపాను. ఆమె నవ్వింది. చేతిసంచిలోంచి చిన్న కాగితాల కట్ట, బాల్‌పెన్ను తీసి ఏదో రాసి నావైపు తిప్పింది.

'నేను ఎల్లారెడ్డి వెళ్ళుచున్నాను. తమరు ఎచ్చటికి?'

వినపడదేమో అనుకుని నేను గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, "నేను గూడ, ఎల్లారెడ్డికే" అన్నాను. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె మళ్ళీ రాసింది. 'చెవులు బాగుగానే యున్నవి.'

టికెట్లు కొడుతున్న కండక్టరు నవ్వాపుకోలేకపోయాడు. "గుర్తు పట్టలేదా మేడం? మన బస్టాండు అనౌన్స్‌మెంట్ అక్క. గొంతు ఆపరేషన్ అయింది, పాపం. మాట పోయింది."

అప్పుడు చూశాను ఆమె ముఖాన్ని. ఆ గొంతుకు ఒక ముక్కుపుడక ఉంది. నుదుటి మీద చిన్నప్పటి గాటు ఉంది. కండక్టరు 'పాపం' అన్నప్పుడు విసుగ్గా పైకి లేచిన కనుబొమ ఉంది.

ఆమె బాల్‌పెన్నును ఎంత ఒత్తి రాసేదంటే, కాగితాన్ని వెనక్కి తిప్పి తడిమితే అక్షరాలు వేళ్ళకు తగిలేవి. నాలుగు మాటలు రాసి చెయ్యి విదిలించుకునేది. చూడలేక నా బ్యాగులోని ఫౌంటెన్ పెన్ను తీసి ఇచ్చాను. ఆమె అలవాటు కొద్దీ ఒత్తబోయి, ఒత్తకుండానే పాళీ జారిపోవడం చూసి ఆగింది. తాడ్వాయి దాటి బస్సు అడవిలోకి వచ్చింది. టేకు ఆకుల నీడలు మా ఒళ్ళోంచి వరసగా దాటిపోతున్నాయి. ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది, రాస్తున్న మాట వంకరపోయింది. ఆమె దాని కిందే రాసింది. 'నా స్వరము వణుకుచున్నది. నవ్వరాదు.'

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా.

ఆ తర్వాత కాలేజీ అయ్యాక బస్సుకు వేళ ఉంటే వాళ్ళింటికి వెళ్ళడం అలవాటైంది. ఎల్లారెడ్డి పాత బజారు వెనక వీధిలో ఇల్లు. నేనిచ్చిన పెన్ను ఆమె కొప్పులో గుచ్చి ఉండేది. రాసే ముందు బల్ల మీద వేలితో మెల్లగా తట్టేది. మైకు పనిచేస్తోందో లేదో చూసుకునే పాత అలవాటు అది. పెన్నుకు మూత పెట్టిందంటే ఇక ఆ సంగతి ముగిసినట్టే, ఎంత బతిమాలినా తీసేది కాదు. మనం ఎటో చూస్తున్నప్పుడు ఆమెకు నవ్వొస్తే, మనం దాన్ని పోగొట్టుకోకూడదని, కాగితం మూలన 'నవ్వితిని' అని చిన్నగా రాసి మన ముందుకు జరిపేది.

పలక కొనుక్కోమని ఎవరో సలహా ఇచ్చారట. ఆమెకది నచ్చలేదు. 'నోట పలికిన మాటను తడిగుడ్డతో తుడుచుట చూచితిరా?' అని రాసింది నాకు. పెద్దకొడప్‌గల్‌లో ఉన్న కూతురు వచ్చి ఫోన్లో ఏదో యాప్ పెట్టింది, రాసింది పైకి చదివి వినిపించేది. ఆమె ఒక్కపూట విని తీసేయించింది. 'నా మాటలు వేరొక స్త్రీ పలుకుచున్నది. నాకు వద్దు.'

ఈ 'పలుకుచున్నది'ల వెనక ఒక చిక్కుందని నాకు మెల్లగా తెలిసింది.

ఆమె భర్త మస్కట్‌లో డ్రైవరు. ఆపరేషన్‌కు వచ్చి, హైదరాబాద్ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం పక్కనే ఉండి, సెలవు అయిపోగానే వెళ్ళిపోయాడు. కుట్లు మానాక మాట వస్తుందేమోనని ఇద్దరికీ ఆశ ఉండేది. రాలేదు. అంటే మాట ఇక రాదని తేలాక ఆయన ఆమెతో ఒక్కరోజు కూడా గడపలేదు. అంతకుముందు ప్రతి శుక్రవారం ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బట్టలు ఉతుక్కుంటుంటే, ఈమె వారం రోజుల సంగతులన్నీ చెప్పేదట. ఇప్పుడు వీడియో కాల్ చేసి, ఈమె కాగితం రాసి చూపిస్తే ఆయన చదువుకోవాలి. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఫోన్లో తన ముఖం పక్కన తన రాత కుడిఎడమలు మారి, అద్దంలోలా కనిపించేసరికి మొదట్లో ఈమె ఆయనకూ అట్లాగే కనిపిస్తుందనుకుని కాగితాన్ని ఇటూ అటూ తిప్పి తిప్పి ఏడ్చేంత పని చేసిందట.

ఒక శుక్రవారం నేనక్కడే ఉన్నాను. నీలం సిరాతో గుండ్రంగా రాసి చూపించింది. 'మీరు కుశలమని తలంచుచున్నాను. ఇచ్చట అందరమూ క్షేమము.'

అవతల ఆయన చాలాసేపు కళ్ళు చికిలించి చూశాడు. "ఏందే గిది? నోటీసు సదివినట్టున్నది నాకు. బస్టాండుల చెప్పినట్టే రాస్తున్నవ్. సరే సరే, మంచిగుండు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆమె పెన్ను మూత పెట్టలేదు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తర్వాత రాసింది. వచ్చే నెల వచ్చేస్తానన్న మనిషి ఇంకో ఏడాది ఉంటానన్నాడని. దాని కింద, 'నోటీసు బోర్డు ఉన్న ఇంటికి ఎవరు వచ్చెదరు?'

"ఇంట్ల మాట్లాడినట్టే రాయరాదక్కా" అన్నాను.

ఆమె ప్రయత్నించింది. నా కళ్ళ ముందే ప్రయత్నించింది. పాళీ కాగితానికి ఆనేది, ఆగేది, మళ్ళీ 'చున్నాను' అని వచ్చేది. ఇంట్లో పుట్టి పెరిగిన భాష ఆమె లోపల చెక్కుచెదరకుండా ఉంది. అది నోటికి తెలుసు, చేతికి తెలియదు. ఉద్యోగం చేసినంత కాలం మైకులో చెప్పవలసింది ముందు నీలం సిరాతో కాగితం మీద రాసుకుని చదివేది. ఆ రంగు చూడగానే చెయ్యి మైకు ముందు కూర్చునేది. చివరికి ఆమే అడిగింది. 'రంగు మార్చి చూచెదనా?'

నలుపు వద్దంది. చావు కబురు చెప్పే కర్మ కార్డులు ఆ రంగువే కదా. ఎరుపు చూస్తే ఆయన భయపడతాడంది. ఆకుపచ్చ ఆఫీసరు సంతకానిది. ఆమె ఎరిగిన ఏ కాగితం మీదా లేని రంగు కావాలి. అయినా రోజంతా రాసుకునేందుకు కళ్ళకు హాయిగా ఉండాలి. అట్లా ఒకటొకటి తీసేస్తూ పోతే బ్రౌన్ మిగిలింది.

కామారెడ్డి దుకాణమాయన అప్పుడు నన్ను వింతగా చూశాడు. "బ్రౌనా? దాంతోని ఎవరు రాస్తరు మేడం?" అన్నాడు. వెళ్ళినప్పుడల్లా అడిగాను, వెళ్ళినప్పుడల్లా లేదన్నాడు. హైదరాబాద్ నుంచి కొన్ని, ఆన్‌లైన్‌లో కొన్ని చిన్న చిన్న సీసాలు తెప్పించి ఒక ఆదివారం ఎల్లారెడ్డి వెళ్ళాను. వాళ్ళ వసారాలో చాప పరిచి, పాత టికెట్ల వెనకవైపులు, క్యాలెండరు కాగితాలు, ఆమె కాగితాల కట్ట అన్నీ ముందేసుకుని కూర్చున్నాం. మబ్బుపట్టి, గాలి లేక, వీధి మొత్తం నిద్రపోతున్నట్టుంది. ఎక్కడో దూరంగా బస్సు హారన్ వినిపిస్తే ఆమె తలెత్తి, అది బాన్సువాడదో కామారెడ్డిదో వేలితో దిక్కు చూపించి మళ్ళీ పనిలో పడేది.

ఒక పెట్టె మీద 'గోధుమరంగు' అని ఉంది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు గోధుమలు తెచ్చి, సిరాతో గీసిన గీత పక్కన పోసింది. రెంటికీ పోలికే లేదు. గోధుమలను వేలితో అటూ ఇటూ జరిపి భుజాలు కదిలేలా నవ్వింది.

మొదటి సిరా తడిగా ఉన్నప్పుడు బాగుంది. ఆరాక ఎర్రబడింది. దాన్నే చూస్తూ ఆమె చెయ్యి తెలియకుండానే మెడ మీది చున్నీ దగ్గరికి పోయింది. ఆస్పత్రి దూది గుర్తొచ్చి ఉంటుంది. నేనేమీ అడక్కుండా ఆ సీసా మూసేశాను. రెండోది పల్చటి చాయ్‌లా ఉంది. ఫోన్ కెమెరా ముందు పెట్టి చూస్తే ఉత్త తెల్ల కాగితమే కనిపించింది. ఇంకొకటి మరీ ముదురు, రాస్తే నలుపే.

తర్వాతిది తెరిచాక ఇద్దరం కాగితం మీదికి వంగాం. అంత అందమైన రంగు. అక్షరం చివర సిరా నిలిచిన చోట బంగారు అంచు వచ్చింది. ఆమె ఇష్టంగా రెండు వరసలు రాసింది, మూడో వరసకు వెళ్తూ అరచెయ్యి ఆనించింది. అంతా అలుక్కుపోయింది. ఊదింది, విసిరింది, ఎండ కోసం వాకిట్లోకి పట్టుకెళ్ళింది. మబ్బు. తిరిగొచ్చి చిరాగ్గా, ఆలోచించకుండా, గబగబా రాసింది.

'గిదేం ఇంకు చెల్లె. మాట ఆరేదాకా ఎవలు ఆగుతరు?'

నేను కాగితం వైపు చూసి, ఆమె వైపు చూశాను. "అక్కా, ఏం రాసినవో చూస్కో."

ఆమె చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుందామని ఎత్తింది కానీ, సిరా అంటిన చెయ్యే ముందు వెళ్ళింది. పెదాల మీద, గడ్డం మీద బ్రౌన్ మరక పడింది. అట్లాగే కూర్చుంది, ఎవరో వీధిలోంచి చాలా కాలం తర్వాత పేరు పెట్టి పిలిస్తే ఆగి వింటున్నట్టు.

ఆ సిరా పనికి రాలేదు. దాని తర్వాతది పనికొచ్చింది. బంగారు అంచు లేదు, గొప్ప మెరుపు లేదు. రాసిన వెంటనే ఆరింది, కెమెరాలో స్పష్టంగా కనిపించింది. పెన్ను వేగంగా నడిచిన చోట లేతగా, ఆగి నిలబడిన చోట ముదురుగా పడింది. ఆమె పుట్టిల్లు తాడ్వాయి దగ్గర. అక్కడ చెరుకు రసం మరిగి మరిగి బెల్లమయ్యే ముందు ఇదే రంగుకొస్తుందని రాసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నాకివ్వబోయి, తనే తల అడ్డంగా ఊపింది. మందు వాసనే.

ఆ శుక్రవారం నన్ను రమ్మంది. ఎందుకో భయపడుతోందని అర్థమై వెళ్ళాను. ఫోన్ మోగింది. తెరమీద ఆయన, వెనక దండెం మీద బట్టలు. ఆమె బల్ల మీద వేలితో తట్టి, రాసి, చూపించింది.

ఆయన మొదలుపెట్టాడు. "ఏం... వం... డు... కు... న్నవ్..." ఆగాడు. ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఈసారి ఒక్క గుక్కలో వచ్చింది, ఆమె సాగదీతతో సహా. "ఏం వండుకున్నవ్? మల్ల పప్పేనా?"

మగ గొంతులోంచి, సముద్రం అవతల నుంచి, ఆ ఇంట్లోకి ఆమె మాట వచ్చింది. బస్టాండుది కాదు, ఇంటిది. ఆయన కూడా విన్నాడది. నోరు తెరుచుకునే ఉండిపోయింది.

ఆమె తల దించుకుని రాసింది. ఆయన దాన్నీ పైకి చదివాడు. "మల్ల సదువు."

ఆమె తల అడ్డంగా ఊపి ఇంకోటి రాసింది. "అది గాదు, ముందుది" అని ఆయన అదీ పైకి చదివాడు. ఆమె భుజాలు కదలడం మొదలైంది. "నవ్విన" అని చదివాడాయన, కాగితం మూలన చూసి. తర్వాత ఇద్దరిలో ఎవరు ఏడ్చారో నేను చూడలేదు. లేచి వాకిట్లోకి వచ్చాను. బస్సుకు నడుస్తుంటే వీధి మలుపు దాకా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. పక్కింటి కోడళ్ళ మీద ఫిర్యాదు, నల్లా నీళ్ళు రాని సంగతి, కూతురు ఒళ్ళు చేసిన సంగతి, అన్నీ ఆయనే చదువుకుంటూ, ఆయనే జవాబులు చెప్పుకుంటూ.

ఏడాది ఆగలేదు ఆయన. వానలు తగ్గేసరికి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. ఎల్లారెడ్డిలోనే ఒక బడి బస్సు నడపడానికి కుదిరాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం చూడాలి. ఆయన ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ, వాక్యం పూర్తి కాకుండానే జవాబు చెప్పేవాడు. ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, 'ముందు నన్ను చెప్పనియ్యి' అని రాసేది. కోపం వస్తే ఆయన గట్టిగా కళ్ళు మూసుకునేవాడు. "వినపడ్తలేదు పో" అనేవాడు. ఆమె వెళ్ళి కనురెప్పలు వేళ్ళతో విప్పి, కాగితం ముక్కు మీద ఆనించేది. బజారులో, పొద్దున చాయ్ దగ్గర, గుడి మెట్ల మీద, అంతటా ఆ రంగు అక్షరాలు. ఎవరైనా అడిగితే ఆయన గొప్పగా చెప్పేవాడు. "మా ఇంటామె బ్రౌన్‌ల మాట్లాడుతది."

రెండేళ్ళు గడిచాయి. గొంతును తీసుకుపోయిన జబ్బే మళ్ళీ వచ్చింది, ఈసారి ఊపిరితిత్తుల్లోకి. చివరి నెలల్లో అక్షరాలు పెద్దవయ్యాయి, మాటలు తగ్గాయి. 'నీళ్ళు', 'కిటికీ', 'జర కూసో'. నేను ఆఖరుసారి వెళ్ళినప్పుడు దిండు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. బయట హారన్ వినిపించింది. చెయ్యి విడిపించుకుని, పెన్ను అందుకుని, మెల్లగా రాసింది. 'కామారెడ్డిది. పో, ఎల్తది.' నేను కూర్చునే ఉన్నాను. పెన్నుకు మూత పెట్టి నా వైపు చూసింది. లేచాను.

ఆమె పోయాక బంధువులంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వెళ్ళాను. ఆయన వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. పక్కన చాప మీద కూర్చున్నాను.

"తిన్నరా బావా?" అన్నాను.

ఆయన చూపు నా ముఖం మీద లేదు. ఒళ్ళో పెట్టుకున్న నా కుడి చేతిమీద ఉంది. ఆ చూపులో బాధ కూడా కనిపించలేదు, ఎదురుచూపు ఉంది, అంతే. వినపడలేదేమోనని మళ్ళీ అడిగాను. ఆయన కొంచెం ముందుకు వంగాడు, నా వేళ్ళనే చూస్తూ. వీధిలో ఎవరో సైకిల్ మీద పోయారు. నాకు చెయ్యి కదపాలంటే భయమేసింది.

కాసేపటికి ఆయన తలెత్తి, నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు.

"అయ్యో మేడం" అన్నాడు, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ. "మీరు నోటితోని అడిగిండ్రు గదా."